రోలర్లు మారిస్తే బండి ఎగురుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. పికప్ కావాలి, టాప్ స్పీడ్ కావాలి, రెండూ ఒక్క దెబ్బకే కావాలి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టి, ఈ పేజీ మొత్తం గేర్లు లేని స్కూటర్ ఎడమవైపు మూత కింద ఉండే సరంజామాకే ఇచ్చేస్తున్నాను. ఆ రెండు కోరికలూ ఒకే పార్టుతో తీరేవి కావని ముందే చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది.

ప్ర: నాది 110 సీసీ స్కూటర్. కంపెనీ రోలర్లు ఒక్కోటి 13 గ్రాములు. మా ఫ్రెండ్ తన బండికి 11 గ్రాములవి వేయించాడు. పికప్పూ పెరిగింది, టాప్ స్పీడూ పెరిగింది అంటున్నాడు. నన్ను కూడా అవే వేయించమంటారా, ఇంకా తేలికవి వేయించమంటారా?

జ: మీ ఫ్రెండ్ మాటల్లో మొదటి సగం నమ్మొచ్చు. రెండో సగాన్ని అంత తొందరగా నమ్మకండి.

మూత తీస్తే ముందు ఒక పుల్లీ, వెనక ఒక పుల్లీ, మధ్యలో వి-బెల్టు కనిపిస్తాయి. ముందు పుల్లీ రెండు పళ్లేల జత. ఒకటి కదలదు, రెండోది క్రాంక్ (ఇంజిన్ తిప్పే ఇరుసు) మీదున్న బాస్ అనే గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ జరుగుతుంది. ఆ జరిగే పళ్లెం వీపున ఆరు గాళ్లు, వాటిలో ఆరు రోలర్లు, అంటే దొర్లే చిన్న బరువులు. దీన్నే వేరియేటర్ అంటాం. ఇంజిన్ వేగం అందుకునేకొద్దీ రోలర్లు బయటి అంచుకు పోవాలని చూస్తాయి. వెనక ర్యాంప్ ప్లేట్ అడ్డంగా ఉంటుంది కాబట్టి అవి పళ్లేన్ని ముందుకు నెడతాయి. పళ్లేల మధ్య సందు తగ్గి బెల్టు పైకెక్కుతుంది. బెల్టు పొడవు మారదు కదా, వెనక పుల్లీ దగ్గర అదే బెల్టు స్ప్రింగ్‌ను నొక్కుకుంటూ లోపలికి దిగుతుంది. గేర్ల సైకిల్ తొక్కినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఇక్కడ గేరు మార్చే పని మీ చేతిలో కాకుండా ఆ ఆరు రోలర్ల చేతిలో ఉంది, అంతే తేడా.

రోలర్ నెట్టే బలం దాని బరువును బట్టి, ఇంజిన్ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. బరువు తగ్గిస్తే అదే బలం రావడానికి ఇంజిన్ ఇంకొంచెం వేగంగా తిరగాలి. ఎంత వేగంగా అన్నది కాగితం మీదే లెక్క కట్టొచ్చు. 13ని 11తో భాగిస్తే 1.18, దాని వర్గమూలం దాదాపు 1.09. అంటే ఇంతకుముందు 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర గేరు మార్చుకుంటూ పోయిన బండి ఇప్పుడు దాదాపు 5,980 దగ్గర ఆ పని చేస్తుంది. అసలు బండిలో స్ప్రింగు, రాపిడి వల్ల అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, చూడాల్సిన దిశ ఇదే.

కంపెనీవాళ్లు మైలేజీ కోసం, చప్పుడు తక్కువగా ఉండటం కోసం ఇంజిన్ వేగాన్ని కొంచెం కిందే ఉంచుతారు. 110, 125 సీసీ స్కూటర్లలో చాలావాటికి గరిష్ఠ పవర్ 6,500 నుంచి 8,000 ఆర్‌పీఎం మధ్య ఎక్కడో వస్తుంది. తేలిక రోలర్ ఇంజిన్‌ను ఆ అంకె దగ్గరికి జరుపుతుంది కాబట్టి బండి గుంజుతుంది. పికప్ అంటే ఇదే, ఇందులో మాయ లేదు.

అయితే ఈ గుంజుడు అన్ని వేగాల్లోనూ ఉండదు. ఆగి ఉన్న బండి కదిలే మొదటి క్షణం క్లచ్ చేతిలో ఉంటుంది, రోలర్‌కు అప్పటికింకా పని మొదలవదు. క్లచ్ పట్టేశాక, ముందు పళ్లెం పూర్తిగా మూసుకునేదాకా ఉన్న మధ్య భాగమే రోలర్ల రాజ్యం. పళ్లెం పూర్తిగా మూసుకున్నాక రోలర్ 8 గ్రాములదైనా, 13 గ్రాములదైనా తేడా లేదు. అక్కడి నుంచి ఇంజిన్ బలానికీ ఎదురుగాలికీ మధ్య పోటీ. టాప్ స్పీడ్ తేలేది ఆ చివర్లో. మరి ఫ్రెండ్ బండికి పెరిగిందంటే? పాత రోలర్లు అరిగి పళ్లెం పూర్తిగా మూసుకోని బండి అయి ఉండాలి. కొత్తవి వేయగానే పోయిన స్పీడు తిరిగొచ్చింది. అది బరువు తగ్గించినందుకు కాదు, గుండ్రంగా ఉన్నవి వేసినందుకు.

మీ ప్రశ్నకు జవాబు: 12 గ్రాములతో మొదలుపెట్టండి. 11 కావాలనిపిస్తే తర్వాత దిగొచ్చు. 11.5 కావాలంటే మూడు 11లు, మూడు 12లు ఒకటి విడిచి ఒకటి గాళ్లలో పెడితే సరి, సగటు 11.5 అవుతుంది. ఒక బరువువన్నీ ఒకే పక్కన చేర్చకండి, పళ్లెం వణుకుతుంది. కొనేముందు పాత రోలర్ వ్యాసం, వెడల్పు కొలుచుకోండి. 16×13, 18×14 అని రాసి ఉండే మిల్లీమీటర్ల కొలతలు అవే. బరువు ఒకటే అయినా కొలత మారితే గాడిలో కూర్చోదు.

ప్ర: సార్, ఒకాయన మాట విని 13 గ్రాముల చోట 8 గ్రాముల రోలర్లు వేయించాను. సిగ్నల్ దాటగానే బాగానే దూకుతోంది. కానీ ఎప్పుడు చూసినా ఇంజిన్ అరుస్తోంది, ఇంతకుముందు వచ్చిన టాప్ స్పీడ్ రావడం లేదు, మైలేజీ ఘోరంగా పడిపోయింది. ఇంజిన్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జ: ఇంజిన్ పోలేదు, దాన్ని మీరు పరుగెత్తిస్తున్నారంతే. పై లెక్కే మీ బండికి కట్టండి. 13ని 8తో భాగించి వర్గమూలం తీస్తే 1.27. 5,500 దగ్గర జరగాల్సిన పని 7,000 దగ్గర జరుగుతోంది. మీ బండి గరిష్ఠ పవర్ 6,750 దగ్గరే అయితే మీరు శిఖరం దాటి అవతలి వాలులోకి దిగిపోయారన్నమాట. చప్పుడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. పైగా పళ్లెం చివరిదాకా మూయడానికి కావాల్సినంత వేగం ఇంజిన్ అందుకోలేకపోతుంది, బెల్టు సగం దారిలోనే ఆగిపోతుంది. టాప్ స్పీడ్ పోయింది అక్కడే.

నా మాట మీద నమ్మకం లేకపోతే మీరే చూసుకోవచ్చు. మూత తీసి, ముందు పుల్లీలో కదలని పళ్లెం లోపలి ముఖాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, మధ్య నుంచి అంచుదాకా నల్ల మార్కర్‌తో నాలుగైదు గీతలు గీయండి. మళ్లీ బిగించి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చి కాసేపు నడిపి, తిరిగొచ్చి విప్పండి. బెల్టు తాకినంత మేరా గీతలు చెరిగిపోయి ఉంటాయి. చెరుపు అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా వచ్చిందంటే వేరియేటర్ తన పని పూర్తిగా చేస్తోంది. అంచు కింద వేలు మందం నల్లగీత చెక్కుచెదరకుండా మిగిలిందంటే ఆ మేరకు మీ టాప్ గేరు వాడకంలో లేనట్టే. ఈ పరీక్షకు ఖర్చు మార్కర్ సిరా ఒక్కటే. అయినా ఎంతమంది చేస్తారంటే... పోనివ్వండి.

మీరు 11కు వెళ్లండి. 8 గ్రాములవి దాచి ఉంచాల్సిన పని కూడా లేదు.

ప్ర: ఆన్‌లైన్‌లో ఫుల్ కిట్ చూశాను. రేసింగ్ వేరియేటర్, గట్టి కాంట్రా స్ప్రింగ్, గట్టి క్లచ్ స్ప్రింగులు, గాళ్లు కోసిన క్లచ్ బెల్, అన్నీ కలిపి ఇస్తున్నారు. అన్నీ ఒకేసారి వేయించేస్తే మంచిదా, ఒక్కోటీ మార్చుకుంటూ పోవాలా? 125 సీసీ బండి, ఇంజిన్‌లో ఏ మార్పూ చేయలేదు.

జ: ఇంజిన్‌లో ఏ మార్పూ చేయలేదన్న ఆ ఆఖరి ముక్కలోనే మీ జవాబు ఉంది. ఆ కిట్‌లో సగం వస్తువులు బలం పెంచిన ఇంజిన్‌ను పట్టుకోవడం కోసం పుట్టినవి.

అందరూ తప్పుగా అర్థం చేసుకునేది కాంట్రా స్ప్రింగ్‌ను. వెనక పుల్లీ పళ్లేలను దగ్గరికి నొక్కిపట్టే పెద్ద స్ప్రింగ్ అది. ముందు రోలర్లు బెల్టును లాక్కుపోవాలని చూస్తుంటే, వెనక ఇది బెల్టును పట్టి ఉంచుతుంది. ఆ పెనుగులాటలో ఎవరిది పైచేయి అన్నదాన్ని బట్టి గేరు తేలుతుంది. గట్టి స్ప్రింగ్ వేస్తే గేరు ఆలస్యంగా మారుతుంది, అంటే తేలిక రోలర్ చేసే పనే ఇదీ చేస్తుంది. రెండూ కలిపి వేసినవాళ్లు ఒకే మందు రెండు డోసులు మింగినట్టే. గట్టి స్ప్రింగ్‌కు దాని సొంత ఖర్చు కూడా ఉంది. బెల్టును ఎప్పుడూ గట్టిగా నలుపుతూ ఉంటుంది, ఆ నలుపుడంతా వేడిగా మారుతుంది, బెల్టు తొందరగా ముసలిదవుతుంది. బెల్టు జారుతున్న ఆనవాలు ఉంటే తప్ప మామూలు 125 బండికి గట్టి స్ప్రింగ్ అక్కర్లేదు.

ఆ స్ప్రింగ్ కిందే టార్క్ కామ్ ఉంటుంది. వెనక పళ్లేనికి వంపుగా కోసిన గాళ్లు, వాటిలో పిన్నులు. బరువు మీద పడి చక్రం తిరగడానికి మొరాయించినప్పుడు ఆ వంపు పళ్లేలను దగ్గరికి తోసి, బెల్టును మళ్లీ పైకి తెస్తుంది. ఓవర్‌టేక్ చేయబోతూ థ్రాటిల్ తిప్పగానే బండి ఒక గేరు దిగినట్టు అనిపిస్తుందే, అది దీని పుణ్యమే. ఈ గాళ్లలో గ్రీజు ఎండిపోయి పిన్నులు పట్టేస్తే మీరు ముందు ఎంత ఖరీదైన వేరియేటర్ వేసినా బండి మొద్దుగానే ఉంటుంది. కిట్ కొనే ముందు ఇది విప్పించి, శుభ్రం చేయించి, వేడికి తట్టుకునే గ్రీజు కొద్దిగా పెట్టించండి. కొద్దిగా అంటే కొద్దిగానే. ఎక్కువైతే అది చిమ్మి బెల్టుకు అంటుతుంది, గ్రీజు తాకిన బెల్టు జారుతుంది.

క్లచ్ స్ప్రింగులు గట్టివి వేస్తే క్లచ్ షూలు (వేగానికి బయటికి విచ్చుకునే దిమ్మెలు) ఆలస్యంగా బెల్‌ను, అంటే వాటి చుట్టూ ఉండే గిన్నెను పట్టుకుంటాయి. ఇంజిన్ బాగా అందుకున్నాక పట్టడం వల్ల ఆ మొదటి దూకుడు వస్తుంది. రేస్ ట్రాక్ మీద సరే. అడుగడుగునా ఆగి కదిలే ట్రాఫిక్‌లో మాత్రం షూలు జారుతూ, కాలుతూ ఉంటాయి. బెల్ లోపల నీలం రంగు మచ్చలు, షూల మీద అద్దంలా మెరుపు కనిపించాయంటే వేడి మితిమీరిందని అర్థం. గాళ్లు కోసిన బెల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చూడటానికి బాగుంటుంది.

వరుస అడిగారు కాబట్టి: ముందు కంపెనీ బెల్టు, కంపెనీ రోలర్లు కొత్తవి వేసి బండి అసలు ఎలా నడవాలో తెలుసుకోండి. తర్వాత రోలర్ బరువు. అక్కడితో తొంభై శాతం మంది ఆగిపోతారు, ఆగిపోవడమే మంచిది. వేరియేటర్ మార్చాలనే ఉంటే, ర్యాంపు వంపు వేరుగా ఉండే మంచి కంపెనీది తీసుకోండి. ఇటలీ నుంచి మలోస్సీ, పోలినీ వంటివాళ్లు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. అయితే మీ మోడల్‌కు చేసినదే అయి ఉండాలి. ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చండి. అన్నీ కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో దేవుడికి కూడా తెలియదు.

ప్ర: నాకు పికప్ అక్కర్లేదు, టాప్ స్పీడే కావాలి. ఇప్పుడు మీటర్‌లో 80 దాకా వస్తోంది. వెనక గేర్ బాక్సులో పళ్లు మార్పిస్తే 100 వస్తుందా?

జ: గాలి ఒప్పుకోదు. గాలి అడ్డును తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 88కి, అంటే పది శాతం పెరగడానికి 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. 100 కావాలంటే దాదాపు రెట్టింపు. 8 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఫైనల్ గేర్లు పొడుగువి వేస్తే అది 16 ఇవ్వదు. చివర్లో ఉస్సూరంటూ 75 దగ్గరే ఆగిపోతుంది, కింది వేగంలో ఉన్న గుంజుడు కూడా పోగొట్టుకుంటారు. ఇంజిన్‌లో ఇంకా బలం ఉండి కూడా రెవ్ లిమిటర్‌కు (ఇంజిన్ మితిమీరి తిరగకుండా ఆపే ఏర్పాటుకు) తగిలి ఆగుతున్న బండికే పొడుగు గేర్లు పనికొస్తాయి. అలాంటి బండి అరుదు.

ఇంకో సంగతి, మీ మీటర్ 80 అన్నప్పుడు బండి నిజంగా 80లో ఉందనుకోకండి. మీటర్లు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదన్న నియమంతో కొంచెం ఎక్కువే చూపేలా చేస్తారు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి, ఒకే రోడ్డు మీద పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చూసి సగటు తీయండి. గాలివాలు, రోడ్డు వాలు రెండూ కొట్టుకుపోతాయి. టైరు పక్కన 90/100-10 53జె లాంటి రాత ఉంటుంది. ఆఖరున జె ఉంటే ఆ టైరు 100 కిలోమీటర్ల వేగం దాకా తయారైంది. అంతకు మించిన ఆశలున్నవాళ్లు ముందు అది చదువుకోవాలి, తర్వాత బ్రేకులు చూసుకోవాలి.

పోయిన స్పీడు తిరిగి రావాలంటే మాత్రం దారి ఉంది. బెల్టు అరిగి సన్నబడితే ముందు పుల్లీలో అంత పైకి ఎక్కలేదు, టాప్ స్పీడ్ తగ్గుతుంది. సర్వీస్ మాన్యువల్‌లో బెల్టు కనీస వెడల్పు ఇస్తారు, కాలిపర్‌తో కొలిచి చూడండి. టైర్లలో గాలి, పట్టేసిన డ్రమ్ బ్రేకు, మట్టి కొట్టుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, ఇవన్నీ దొంగలే.

ప్ర: రోలర్లు నేనే మార్చుకున్నాను. మూత విప్పడం, బిగించడం చాలా తేలిక అనిపించింది. కానీ కొద్ది రోజులకే ముందు నట్టు లూజై, క్రాంక్ చివర పళ్లు అరిగిపోయాయి. నట్టు గట్టిగానే బిగించాను!

జ: గట్టిగా బిగిసింది నట్టు కాదండీ, మధ్యలో చిక్కిన బెల్టు. ఇది ఎంత మంచి చేతికైనా జరుగుతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

కొత్త బెల్టు గానీ, వెనక పుల్లీలో పైనే కూర్చున్న బెల్టు గానీ ముందు వైపు బిర్రుగా ఉంటుంది. ఆ స్థితిలో కదలని పళ్లెం పెట్టి నట్టు తిప్పితే, పళ్లెం వెళ్లి బాస్‌కు ఆనకముందే బెల్టును నొక్కేస్తుంది. రెంచికి గట్టిగా తగులుతుంది, మనం బిగిసిందనుకుంటాం. ఇంజిన్ స్టార్టవగానే బెల్టు తన చోటికి జారుకుంటుంది, పళ్లేనికీ బాస్‌కూ మధ్య సందు మిగులుతుంది, నట్టు వదులవుతుంది, పళ్లెం స్ప్లైన్ల (క్రాంక్ చివరి పళ్ల) మీద గుద్దుకుంటూ వాటిని తినేస్తుంది.

విరుగుడు ఇది. వెనక పుల్లీ పళ్లేలను చేత్తో విడదీసి బెల్టును లోతుగా దించండి. అప్పుడు ముందు వైపు బెల్టు వదులుగా వేలాడుతుంది. ఆ వదులు ఉండగానే పళ్లెం పెట్టి, అది బాస్‌కు ఆనిందని వేలితో కదిపి చూసి, అప్పుడు టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి. తర్వాత బెల్టు పళ్లేల మధ్య పక్కకు స్వేచ్ఛగా కదలాలి. పళ్లెం తిరగకుండా ఆపడానికి ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చకండి, రెక్కలు విరుగుతాయి. పుల్లీ హోల్డర్ అని దానికో పనిముట్టే ఉంది. లోపల పేరుకున్న నల్ల పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. రోలర్లకు గ్రీజు పెట్టకండి, మాన్యువల్ పెట్టమంటే తప్ప.

మీ క్రాంక్ సంగతి మాత్రం ఉత్తరంలో తేలేది కాదు. స్ప్లైన్లు సగానికి పైగా మిగిలి ఉంటే కొత్త పళ్లెంతో నడవొచ్చేమో గానీ, చేతితో చూసినవాళ్ల మాటే వినండి.

ప్ర: ఈ బెల్టు గేర్లు స్కూటర్ కంపెనీలే కనిపెట్టాయా?

జ: కాదు. దీన్ని జనంలోకి తెచ్చింది కారు. నెదర్లాండ్స్‌లో హుబ్ వాన్ డోర్న్ తయారుచేసిన వేరియోమాటిక్ 1958లో డాఫ్ 600 కారుతో బయటికొచ్చింది. ఆ కారు వెనక్కి కూడా ముందుకెళ్లినంత వేగంగా పోగలిగేది. ఆ తర్వాత డచ్చివాళ్లు వాటితో రివర్స్ రేసులు కూడా పెట్టారు. రోలర్లు తగ్గించి టాప్ స్పీడ్ కోసం వెతికే మన కుర్రాళ్లకు అది చెబితే ఏమంటారో!

ప్ర: నాది ఎలక్ట్రిక్ స్కూటర్. దీనికీ తేలిక రోలర్లు వస్తాయా?

జ: మీ బండిలో రోలర్లే ఉండవు. మోటారు చక్రంలోనే ఉంటుంది, లేదా ఒకే నిష్పత్తి ఉన్న బెల్టు, గేర్ల ద్వారా చక్రాన్ని తిప్పుతుంది. వేగం తేల్చేది కంట్రోలర్. దాన్ని కదిపితే బ్యాటరీ, వారంటీ రెండింటి మీదా పడుతుంది.

ప్ర: అన్నా, మేమిద్దరం రోజూ పెద్ద ఎత్తు ఎక్కి వెళ్లాలి. ఇద్దరం కాస్త బరువే. బండి సగం ఎత్తులో ఇంజిన్ మూలుగుతూ నీరసపడిపోతుంది. టాప్ స్పీడ్ మాకు అక్కర్లేదు. 125 సీసీ, కంపెనీ రోలర్లు 15 గ్రాములు.

జ: ఈ సంచికలో తేలిక రోలర్లు నిజంగా అవసరమైంది మీ ఒక్కరికే. ఎత్తు మీద ఇంజిన్ మూలుగుతోందంటే గేరు తొందరపడి పైకి మారిపోయి, ఇంజిన్ బలం లేని చోట చిక్కుకుందని అర్థం. అయితే ముందు రెండు చూడండి. పాత రోలర్లను చేతిలోకి తీసుకుని చదునైన గాజు మీద దొర్లించండి. ఒక చోట టక్కుమని ఆగితే అక్కడ అరిగి బల్లపరుపు అయినట్టు. అలాంటి రోలర్ పైకెక్కాక తిరిగి కిందికి రావడానికి మొరాయిస్తుంది, ఎత్తులో గేరు దిగదు. రెండోది, పైన చెప్పిన టార్క్ కామ్ పిన్నులు.

అవి బాగుంటే 13.5 గ్రాములు వేయించండి, అంటే మూడు 13లు, మూడు 14లు. ఇంజిన్ దాదాపు ఐదు శాతం పైన తిరుగుతుంది, ఎత్తు మీద ఆ ఐదే మీకు కావాల్సింది. చాలకపోతే అన్నీ 13 చేయండి. అంతకన్నా కిందికి వద్దు, చదును రోడ్డు మీద ఊరికే అరుస్తుంది. ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగాల్సి వస్తే థ్రాటిల్‌తో బండిని నిలబెట్టి ఉంచకండి, బ్రేకు పట్టుకోండి. థ్రాటిల్‌తో నిలబెట్టినంతసేపూ క్లచ్ షూలు జారుతూ కాలుతూనే ఉంటాయి, కొన్నాళ్లకు కదిలేటప్పుడు బండి వణకడం మొదలుపెడుతుంది. ఇప్పటికే వణుకు ఉంటే రోలర్లు మార్చేరోజే షూలు కూడా తీసి చూడమనండి. అదే మూత, అదే నట్టు, ఇంకో పది నిమిషాల పని.